హకీమ్ లెబ్రాన్‌కు నేర్పిన పోస్ట్ ఆట: మీ కోర్టులో మీరు సాధన చేసే క్రమం

‘డ్రీమ్ షేక్ ఎలా వేయాలి?’ అని అడిగేవాళ్లు అప్పటికే, హకీమ్ ఒకవైపు వెళ్తున్నట్టు చూపించి రెండోవైపు తిరిగే ఆ వీడియో పాతికసార్లు చూసి ఉంటారు. కోర్టులోకి దిగి భుజం ఎగరేస్తారు, తల అటూ ఇటూ తిప్పుతారు. బంతి ఇంకా చేతిలో ఉండగానే, నియమం దాటి పాదాలు కదిపినందుకు విజిల్ మోగుతుంది. ట్రావెలింగ్.

వీడియోలో కళ్లు భుజం మీదికే పోతాయి. అసలు పని జరిగేది పాదాల దగ్గర. అందుకే ఈ మార్గదర్శిలో భుజం ఆరో మెట్టు దాకా రాదు. ఓపిక లేనివాళ్లు నేరుగా అక్కడికి దూకవచ్చు, మళ్లీ విజిల్ వినిపించాక వెనక్కి రావచ్చు.

అమెరికా ఎన్‌బీఏ లీగ్ దిగ్గజం హకీమ్ ఒలాజువన్ రిటైరయ్యాక హ్యూస్టన్‌లో తన దగ్గరికి వచ్చిన స్టార్లకు ఈ విద్య నేర్పాడు. 2009లో కోబీ బ్రయంట్, 2010లో డ్వైట్ హోవర్డ్, 2011లో ఫైనల్స్‌లో డాలస్ చేతిలో ఓడిన తర్వాత లెబ్రాన్ జేమ్స్ వెళ్లారు. మనకు పనికొచ్చేది లెబ్రాన్ ఉదాహరణ. అప్పటికి అతను ఎక్కువగా రింగుకు ఎదురుగా నిలబడి ఆడేవాడు. రింగుకు దగ్గరగా, దానికి వీపు పెట్టి ఆడటం (ఇదే పోస్ట్ ఆట) కొత్తగా అలవాటు చేసుకోవాల్సి వచ్చింది. మన కాలేజీ జట్లలో ఎక్కువమంది పరిస్థితి అదే.

1. సాధనకు ముందు

మొదట కోర్టు సంగతి. మనవాళ్లు ఎక్కువగా ఆడేది సిమెంటు కోర్టు మీద. ఇసుక, సన్న రాయి ఉన్నచోట పాదం మీద గిర్రున తిరిగితే చీలమండ మడత పడుతుంది. పోస్ట్ ఆడే చోటు వరకైనా చీపురుతో ఊడ్చండి. ఇది చాదస్తం కాదు. ఈ ఆటలో సగం తిరగడమే.

తర్వాత గీతలు. ఫిబా (అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య) 2010లో లేన్‌ను, అంటే రింగు ముందు గీసే పెట్టెను, ట్రెపీజియం ఆకారం నుంచి దీర్ఘచతురస్రానికి మార్చింది. మీ కోర్టులో ఇంకా పాత గీతలే ఉంటే సుద్దముక్కతో కొత్తవి గీసుకోండి. లేన్ వెడల్పు 4.9 మీటర్లు. బేస్‌లైన్ (రింగు వెనక ఉండే కోర్టు చివరి గీత) నుంచి లేన్ గీత వెంబడి 2.6 మీటర్లు కొలిచి, అక్కడి నుంచి 3 మీటర్ల దాకా మందంగా రాయండి. దాన్నే ‘బ్లాక్’ అంటారు. ఇకపై చెప్పే ప్రతి అడుగుకూ అదే ఆనవాలు.

సరంజామా:

- అడుగు అరిగిపోని, లేసులు బిగుతుగా కట్టిన బూట్లు
- బంతి: పురుషులకు 7వ సైజు, మహిళలకు 6వ సైజు
- ప్లాస్టిక్ కుర్చీ ఒకటి (ఒంటరిగా సాధన చేసే రోజుల్లో ఇదే మీ డిఫెండర్)
- సుద్దముక్క, టేపు
- ఫోను. పాదాలు కనిపించేలా నేలకు దగ్గరగా పెట్టి వీడియో తీయాలి
- రింగు ఎత్తు 3.05 మీటర్లు ఉందో లేదో ఒక్కసారి కొలవండి. వంగిపోయిన రింగు మీద నేర్చుకున్న షాట్ పోటీలో మోసం చేస్తుంది

వార్మప్‌గా ఐదు నిమిషాలు తాడాట, తర్వాత చీలమండలు, తుంటి కీళ్లు వదులు చేసుకోవడం. మోకాలి నొప్పి ఉన్నవాళ్లు తిరిగే డ్రిల్స్‌ను సగానికి తగ్గించండి.

2. నిలబడే చోటు

ఈ వ్యాసమంతా ఒకే పక్కను దృష్టిలో పెట్టుకుని చెబుతాను. రింగు వైపు మొహం పెట్టి చూస్తే కుడి పక్కన ఉండే బ్లాక్ మనది. ఆడేది కుడిచేతివాటం మనిషి.

ఆ బ్లాక్ దగ్గర రింగుకు వీపు పెట్టి, సైడ్‌లైన్ వైపు చూస్తూ నిలబడండి. ఇప్పుడు మీ ఎడమ భుజం పక్క బేస్‌లైన్ ఉంటుంది, కుడి భుజం పక్క మిడిల్ (కోర్టు మధ్య భాగం) ఉంటుంది. ఇది గుర్తు పెట్టుకోకపోతే తర్వాతదంతా గజిబిజి అవుతుంది. నిలబడి ఒకసారి చేత్తో చూపించుకోండి.

పాదాలు లేన్ గీతకు బయట, బ్లాక్‌కు కాస్త పైన ఉండాలి. లేన్ లోపల నిలబడితే, అక్కడ మూడు సెకన్లకు మించి ఉండకూడదన్న నియమం మెడ మీద కత్తి. బ్లాక్‌కు కింద, బేస్‌లైన్‌కు మరీ దగ్గరగా నిలబడితే బోర్డు కోణం పోతుంది, అటు తిరగడానికి చోటూ ఉండదు. రెండడుగులు బయటికి జరిగిపోతే ఎంత బాగా తిరిగినా రింగు దూరంగానే ఉంటుంది. ఆ రెండడుగులూ డిఫెండర్ గెలిచినట్టు.

పాదాల మధ్య దూరం భుజాల వెడల్పు కంటే కొంచెం ఎక్కువ. తుంటి కిందికి, వీపు నిటారుగా. బరువు మునివేళ్ల మీద, మడమలు నేలను తాకీ తాకనట్టు. డిఫెండర్ ఛాతీ మీ వీపు మీద ఎక్కడ తగులుతోందో గమనించండి. కుడి భుజం వైపు బరువు ఎక్కువగా ఉంటే అతను మిడిల్ మూస్తున్నాడు, బేస్‌లైన్ తెరిచి ఉంది. ఎడమవైపు ఆనుకుంటే దానికి వ్యతిరేకం. అతన్ని చూడక్కర్లేదు, వీపే చెబుతుంది.

మోచేతులతో నెట్టకండి. చోటు కాపాడుకోవాల్సింది తుంటితోనే. మోచెయ్యి బయటికి వచ్చిందంటే ఆఫెన్సివ్ ఫౌల్ మీ ఖాతాలో పడుతుంది.

3. బంతి అందుకోవడం: రెండు పాదాలూ ఒకేసారి

అన్నిటికన్నా ఎక్కువ సమయం పెట్టాల్సిన మెట్టు ఇదే. ఎక్కువమంది ఒక్క నిమిషం కూడా పెట్టనిదీ ఇదే.

బంతి గాల్లో ఉండగా చిన్న గెంతు వేసి, రెండు పాదాలూ ఒకేసారి నేలకు ఆనేలా దిగండి. ఇదే జంప్ స్టాప్. ఇలా దిగితే ఏ పాదాన్నైనా పివట్‌గా (నేల మీదే ఉంచి తిరిగే పాదంగా) ఎంచుకునే హక్కు మీకు ఉంటుంది. ఒక పాదం ముందు, ఇంకొకటి తర్వాత ఆనితే మొదట ఆనిన పాదమే పివట్. సగం దారులు అక్కడే మూసుకుపోయాయి.

కిందకు వెళ్లేకొద్దీ ఇది ఎందుకో తెలుస్తుంది. బేస్‌లైన్ డ్రాప్ స్టెప్‌కు (ఒక కాలు వెనక్కి, రింగు వైపు వేసి దూరడం) కుడి పాదం పివట్. అదే పక్కకు టర్న్ అరౌండ్‌కు (రింగుకు ఎదురు తిరిగి షాట్ వేయడం) ఎడమ పాదం పివట్. ఏది వేయబోతున్నారో చివరి క్షణం దాకా మీకే తెలియకపోతే డిఫెండర్‌కు ఎలా తెలుస్తుంది?

బంతి అందగానే రెండు చేతులతో గడ్డం కిందకు లాక్కోండి, మోచేతులు పక్కలకు. నడుము దగ్గర పట్టుకుంటే పొట్టి గార్డు వచ్చి తట్టేసిపోతాడు. తర్వాత ఒక్క సెకను ఆగి మిడిల్ భుజం మీదుగా చూడండి, రెండో డిఫెండర్ వస్తున్నాడా అని. తొందరపడకండి. మీటరు లోపు డిఫెండర్ ఉన్నప్పుడు బంతిని ఊరికే పట్టుకుని నిలబడటానికి ఫిబా నియమాల్లో ఐదు సెకన్లు ఉంది. ఒక సెకను చూడటానికి ఖర్చు పెట్టినా నాలుగు మిగులుతాయి.

ఒంటరి డ్రిల్: బంతిని మీ వైపే తిరిగి వచ్చేలా వెనక్కి తిప్పుతూ ముందుకు విసరండి. నేలను తాకి పైకి లేవగానే గెంతి జంప్ స్టాప్‌తో పట్టుకోండి. ఇరవైసార్లు. వీడియోలో ‘టప్’ అని ఒకే శబ్దం వినిపించాలి. ‘టప్-టప్’ అంటే మళ్లీ మొదటికి.

4. బంతి లేకుండా తిరగడం

హకీమ్ లాగోస్‌లో చిన్నప్పుడు ఫుట్‌బాల్ గోల్‌కీపర్‌గా, హ్యాండ్‌బాల్ ఆటగాడిగా పెరిగాడు. బాస్కెట్‌బాల్ తర్వాత వచ్చింది. ఆ పాదాలు అక్కడి నుంచి వచ్చినవే. మనకు అలాంటిది లేదనుకోకండి, చెడుగుడు ఉంది. కూత పెట్టి వెళ్లినవాడు కాలు ఒకవైపు చాపి, అవతలివాడు దాని మీదికి వంగగానే రెండోవైపు తాకి వస్తాడు. చాపిన కాలు నిజంగా తాకేలా ఉంటేనే అవతలివాడు వంగుతాడు. పోస్ట్ ఆటలో ఫేక్ (దొంగ కదలిక) కూడా అచ్చం అంతే.

సుద్దతో నేల మీద చిన్న గుండ్రం గీసి అందులో పివట్ పాదం మునివేళ్లు పెట్టండి. మడమ కొంచెం లేపి, ఆ మునివేళ్ల మీదే తిరగాలి.

- ఎడమ పాదం పివట్, కుడి కాలు ముందు నుంచి చుట్టి సగం తిరగడం: 10
- కుడి పాదం పివట్, ఎడమ కాలు వెనక్కి వేసి పావు తిరగడం: 10
- రెండూ పాదాలు మార్చి: 10 చొప్పున

తిరుగుతున్నంతసేపూ తల ఒకే ఎత్తులో ఉండాలి. తల పైకి లేచిందంటే మోకాళ్లు చాచేశారన్నమాట. గుండ్రం చెరిగిపోయిందంటే పాదం జారింది. సుద్ద గుండ్రం కంటే నిష్పక్షపాతమైన రెఫరీని నేనింకా చూడలేదు.

5. మొదటి ఆయుధం: బేస్‌లైన్ డ్రాప్ స్టెప్

ముందు దీన్ని గట్టిగా నేర్చుకోండి. మిగతావన్నీ ‘వీడు డ్రాప్ స్టెప్ వేస్తాడేమో’ అనే భయం మీద నిలబడేవి. ఆ భయం లేని డిఫెండర్‌ను ఏ ఫేకూ కదిలించదు.

ఎప్పుడు వేయాలి: డిఫెండర్ బరువు మీ కుడి భుజం వైపు, అంటే మిడిల్ వైపు ఉన్నప్పుడు.

1. జంప్ స్టాప్, బంతి గడ్డం కింద.
2. కుడి పాదం పివట్‌గా నాటండి.
3. ఎడమ పాదాన్ని వెనక్కి, డిఫెండర్ పాదానికి అవతలగా, రింగు వైపు చూసేలా వేయండి. పొడుగు అడుగు కావాలి. మీ తుంటి అతనికి అడ్డుగోడ అవుతుంది.
4. అదే సమయంలో రెండు చేతులతో, కాళ్ల మధ్య ఒక్క బలమైన డ్రిబుల్. కుడి పాదం లేవకముందే బంతి చేతిని వదలాలి. ఈ వరస తప్పితే విజిల్.
5. రెండు పాదాలతో దిగి, రెండు పాదాలతో ఎగిరి, కుడి చేత్తో బోర్డుకు ఆనించి వేయండి. డిఫెండర్ మీ ఎడమవైపు ఉంటాడు కాబట్టి కుడి చెయ్యే సురక్షితం.

మొదటి రెండు రోజులు కుర్చీని డిఫెండర్ చోటులో పెట్టి ఆడండి. అడుగు చిన్నదైతే మోకాలు కుర్చీకి తగులుతుంది. మనిషైతే మొహమాటానికి జరుగుతాడు, కుర్చీ జరగదు.

పదింటిలో ఎనిమిది పడేదాకా ఆరో మెట్టు వద్దు.

6. షేక్: మిడిల్ చూపించి బేస్‌లైన్‌కు తిరగడం

మీ డ్రాప్ స్టెప్‌కు, మిడిల్ ఎత్తుగడలకు డిఫెండర్ స్పందించడం మొదలుపెట్టాక దీని అవసరం వస్తుంది.

1. జంప్ స్టాప్. రెండు పాదాలూ నేలకు అతుక్కుని ఉండాలి.
2. బంతి, తల, కుడి భుజం మూడూ కలిసి మిడిల్ వైపు. బంతి వెళ్లకుండా భుజమొక్కటే కదిపితే ఎవరూ నమ్మరు. కళ్లు కూడా అటే చూడాలి.
3. అర సెకను ఆగండి. అతని బరువు మారిందో లేదో వీపుకు తెలియాలి. ఇక్కడ ఆగలేకపోవడమే ఈ మూవ్‌లో అందరూ చేసే తప్పు. ఫేక్ వేసి, అవతలివాడు మోసపోకముందే తిరిగేస్తే మీరు మోసం చేసింది మిమ్మల్నే.
4. ఎడమ పాదం పివట్. కుడి కాలు ముందు నుంచి చుట్టి బేస్‌లైన్ వైపుకు తెచ్చి రింగుకు ఎదురు తిరగండి. కాలు డిఫెండర్‌కు దూరంగా పడుతుంది కాబట్టి చోటు దానంతటదే పుడుతుంది.
5. రెండు పాదాల మీద ఎగిరి షాట్.

ఇలా డిఫెండర్‌కు దూరంగా ఎగిరి వేసే షాట్‌ను ఫేడ్ అవే అంటారు. అంటే వెనక్కి పడిపోవడం అనుకుంటారు. తిరగడంలోనే అడుగున్నర దూరం వచ్చేసింది కదా, ఇంకా వెనక్కి ఒరగాల్సిన పని లేదు. నడుము పైభాగం కొద్దిగా వాలితే చాలు. ఎగిరినచోటుకు ఒక పాదం దూరంలో దిగాలి. అంతకు మించి వెనక్కి దిగుతుంటే షాట్లు రింగు ముందే చచ్చిపోతాయి.

రోజుకు ముప్పై: పది ఫేక్ లేకుండా, పది కుర్చీ పెట్టి, పది మనిషిని పెట్టి.

7. కౌంటర్: అప్ అండ్ అండర్

1995 వెస్ట్రన్ కాన్ఫరెన్స్ ఫైనల్స్ రెండో మ్యాచ్‌లో డేవిడ్ రాబిన్సన్‌ను హకీమ్ తిప్పిన తీరు చూసినవాళ్లకు ఇది గుర్తుంటుంది. తిరిగాడు, షాట్ చూపించాడు, రాబిన్సన్ గాల్లోకి లేచాడు, ఇతను కింది నుంచి దూరి వేశాడు. ఆ ఆఖరి ముక్క ఇలా:

1. ఆరో మెట్టులో నాలుగో అడుగు దాకా అలాగే. ఎడమ పాదం పివట్‌గానే ఉంది.
2. షాట్ కోసం లేచినట్టు బంతిని నుదుటి దాకా తెండి. మోకాళ్లు మాత్రం చాచకండి. బంతి పైకి, తుంటి కిందికి.
3. డిఫెండర్ మడమలు లేవగానే కుడి పాదాన్ని అడ్డంగా, అతని తుంటి పక్కగా మిడిల్ వైపు, రింగు దిశలో వేయండి.
4. కుడి పాదం మీద ఎగిరి, ఎడమ చేత్తో లే అప్ (రింగు దగ్గర నుంచి బంతిని మెల్లగా వేయడం). ఎడమ చెయ్యి రానివాళ్లు కుడి చేత్తో కింది నుంచి ఎత్తివేయవచ్చు, కానీ అది తాత్కాలికమే.

‘ఇది ట్రావెలింగ్ కాదా?’ అన్న ప్రశ్న తప్పకుండా వస్తుంది. కాదు. షాట్‌కో పాస్‌కో పివట్ పాదాన్ని లేపవచ్చు. అది తిరిగి నేలను తాకేలోపు బంతి చేతిని వదలాలి, అంతే. డ్రిబుల్ మొదలుపెట్టేటప్పుడు మాత్రం పివట్ లేవకముందే బంతి వదలాలి. ఈ రెండు నియమాలనూ కలగాపులగం చేసుకునే ఎక్కువమంది దొరికిపోతారు.

డిఫెండర్ ఎగరకపోతే? షాట్ వేసేయండి. అతను ఎగరకుండా నిలబడ్డాడంటే మీ ముందు చెయ్యి లేదు. ఎగిరేదాకా మూడుసార్లు ఫేక్ వేస్తూ కూర్చుంటే ఈలోగా ఇంకొకడు వచ్చేస్తాడు.

8. మిడిల్ హుక్, బయటికి పాస్

కుడి బ్లాక్ నుంచి మిడిల్ వైపు వెళ్తే కుడి భుజం రింగు వైపు ఉంటుంది. కాబట్టి హుక్ (పక్కకు తిరిగి, ఒక చేత్తో తల మీదుగా వేసే షాట్) ఎడమ చేత్తోనే. కుడిచేతివాళ్లకు కష్టం. అందుకే కుడి చేతి హుక్‌ను ఎడమ బ్లాక్ దగ్గర నేర్చుకుని, ఎడమ చేతిని ఒకటి రెండు నెలల తర్వాత పట్టుకోండి.

రెండో డిఫెండర్ వచ్చినప్పుడు పాస్ చేయడం లెబ్రాన్‌కు ఎవరూ నేర్పక్కర్లేదు, మనకు నేర్పాలి. మూడో మెట్టులో చెప్పిన ఒక్క సెకను చూపు ఇందుకే. రెండోవాడు మిడిల్ నుంచి వస్తే అవతలి మూల ఖాళీ. బేస్‌లైన్ నుంచి వస్తే మీకు బంతి వేసినవాడి పక్కవాడు ఖాళీగా ఉండే అవకాశం ఎక్కువ. డ్రిబుల్ మొదలుపెట్టకముందే పాస్ చేస్తే బతికిపోతారు.

9. ఏం తప్పింది, ఎలా సరిదిద్దాలి

- పదే పదే ట్రావెలింగ్: నూటికి తొంభై వంతులు మూడో మెట్టులో తప్పు. ఫేక్ మానేసి రెండు రోజులు జంప్ స్టాప్ మాత్రమే చేయండి.
- డిఫెండర్ ఫేక్‌కు కదలడం లేదు: ఆ రోజు ఇంకా ఒక్క షాటూ వేసి ఉండరు. ముందు రెండు మామూలు షాట్లు వేసి అతనికి అప్పు చూపించండి, తర్వాత వసూలు చేయండి.
- బంతి తట్టేస్తున్నారు: బంతిని నడుము దగ్గరికి దించుతున్నారు. సాధనలో స్నేహితుణ్ని పక్కన నిలబెట్టి, దించిన ప్రతిసారీ తట్టమనండి.
- షాట్ చిన్నదవుతోంది: కాళ్లు అలసిపోయాయి, లేదా వెనక్కి ఒరుగుతున్నారు. వీడియోలో దిగిన చోటు చూడండి.
- రింగు కిందికి వెళ్లి బోర్డు వెనక చిక్కుకుంటున్నారు: డ్రాప్ స్టెప్ బేస్‌లైన్‌కు సమాంతరంగా పడుతోంది. ఎడమ పాదం వేలు రింగును చూడాలి.
- ఒకే మూవ్ బాగా వస్తోంది, మిగతావి రావడం లేదు: ఇది తప్పు కాదు. ఆ ఒక్కదానితోనే మ్యాచ్ ఆడండి.

10. నేర్పే పెద్దవాళ్లకు

ఊళ్లో గ్రౌండ్‌కు సాయంత్రం వచ్చే పాత ఆటగాడు ఉంటే ఆయన్ను వదలకండి. హకీమ్ కూడా కుర్రతనంలో హ్యూస్టన్‌లోని ఫాండీ రిక్రియేషన్ సెంటర్‌లో మోజెస్ మలోన్‌తో తలపడి, దెబ్బలు తిని నేర్చుకున్నవాడే.

నేర్పేవారికి మూడు మాటలు. పక్కన నిలబడి చెప్పకుండా వెనక నిలబడి ఛాతీ ఆనించండి. వీపుకు తెలియాల్సింది నోటితో చెప్పలేం. పాదాలు సరిపోయేదాకా బంతి రింగులో పడిందా లేదా అన్నది పట్టించుకోకండి. ఒక రోజుకు ఒకే మూవ్. మీకు పాతిక వచ్చని కుర్రాడికి మొదటి రోజే తెలియనక్కర్లేదు.

11. ఆరు వారాల క్రమం

లెబ్రాన్ హ్యూస్టన్‌లో ఉన్నది కొద్ది రోజులే. అయితే ఆ ఏడాది లాకవుట్ (జట్ల యజమానులు, ఆటగాళ్ల మధ్య ఒప్పందం కుదరక ఆట ఆగిపోవడం) వల్ల ఎన్‌బీఏ సీజన్ డిసెంబరు 25న గానీ మొదలు కాలేదు. నేర్చుకున్నది ఒంటికి పట్టించుకోవడానికి నెలలు దొరికాయి. మీకూ వారాలు కావాలి. వారానికి నాలుగు రోజులు, రోజుకు నలభై నిమిషాలు అనుకుంటే:

- 1వ వారం: రెండు, మూడు, నాలుగు మెట్లు. షాట్ లేదు.
- 2వ వారం: డ్రాప్ స్టెప్, కుర్చీతో.
- 3వ వారం: డ్రాప్ స్టెప్, మనిషితో. ఫేక్ లేని టర్న్ అరౌండ్ మొదలు.
- 4వ వారం: షేక్.
- 5వ వారం: అప్ అండ్ అండర్. ఎడమ చేతి లే అప్ రోజుకు ఇరవై.
- 6వ వారం: ఒకరితో ఒకరు. డ్రిబుల్ ఒక్కటే అనుమతి, బంతి అందిన నాలుగు సెకన్లలో ముగించాలి.

ఏడో వారంలో ఎడమ బ్లాక్‌కు మారండి. పాదాలన్నీ అద్దంలో చూసినట్టు తారుమారవుతాయి. మొదటి రెండు రోజులు ఏమీ రానట్టే అనిపిస్తుంది. సుద్దముక్క తీసి మళ్లీ గుండ్రం గీయండి.